పోతు మొక్కలు

పోరిక్ ఆసుపత్రికి వెళ్ళిన తరవాత తొమ్మిది రోజులు నేను ఆయన చేలో పని చేశాను. చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

మేముండే ఇల్లు పోరిక్‌ది. కాజిల్‌బార్ నుంచి కారులో ముప్పావుగంట, సముద్రం ఒడ్డున. మా అమ్మాయి డెబోరా కాజిల్‌బార్ ఆసుపత్రిలో నర్సు. అల్లుడు టైటస్ ముసలివాళ్ళని చూసుకునే హోములో పని చేస్తాడు. టౌనులో ఇల్లు దొరక్క ఇంత దూరం వచ్చి అద్దెకున్నారు. నేను మార్చిలో మన దేశం నుంచి వచ్చాను. వాళ్ళిద్దరూ షిఫ్టులకి పోతే ఇంట్లో నేనొక్కణ్ణే.

గోడ అవతల పోరిక్ ఇల్లు. ఆయనా ఒక్కడే. పెళ్ళి చేసుకోలేదు. ఇంచుమించు నా ఈడే. మాటలు తక్కువ మనిషి. నాకు ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. దానివల్ల ఇద్దరికీ ఇబ్బందేమీ రాలేదు. ఏప్రిల్‌లో ఒకరోజు ఆయన మురుగు కాలవ తవ్వుకుంటుంటే వెళ్ళి నిలబడ్డాను. లోపలికెళ్ళి ఇంకో పార తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన పనిలో ఉంటే నేనూ ఉండేవాణ్ణి. పదకొండింటికి టీ ఇచ్చేవాడు. నల్లగా, కషాయంలా ఉండేది. తాగేవాణ్ణి.

మే నెలలో, సముద్రం గాలి తగిలే వైపు, పాతిక సెంట్ల ముక్కలో ఏదో విత్తనం వేశాడు. దూరం దూరంగా సాళ్ళు తోలి వేశాడు. సగం నత్తలు తిన్నాయి. మిగిలింది లేచింది. రెండో జత ఆకులు విచ్చుకున్నాక నాకు తెలిసిపోయింది. మూడు రోజులు ఎవరితోనూ అనలేదు. నాలుగో రోజు డెబోరా ఉల్లిపాయలు తరుగుతుంటే అడిగాను.

"అమ్మీ, పోరిక్ చేలో ఏసిందేటో తెల్సా నీకు?"

"తెల్సు నాన్నా. హెంప్ అంటారు. గంజాయి జాతే. లైసెన్సుంది ఆయనకి. గవర్నమెంటోళ్ళొచ్చి ఆకు పట్టుకెళ్ళి టెస్టు చేస్తారు. గార్డ్స్‌కీ తెల్సు. నువ్వు ఫోటో తీసి ఊరికి పంపకు, అంతే."

గార్డ్స్ అంటే ఇక్కడ పోలీసులు.

టైటస్ సోఫాలోంచి తలెత్తాడు. "మావయ్యా, ఇంతింత మొక్కని చూసి ఎలా పోల్చేశావ్? ఎక్కడ చూశావేటి?"

"ఎక్కడో చూశాను."

"సండే స్కూల్లో మాకిలాంటివి చెప్పలేదు. మీ పాస్టరు గారు మంచోడిలా ఉన్నాడు."

"తిను, చల్లారిపోతంది," అన్నాను.

ఎక్కడ చూశానంటే, చింతపల్లి కొండల్లో. డెబోరాకి అయిదేళ్ళప్పుడు మూడు పంటలు అక్కడ కూలికెళ్ళాను. కాఫీ తోటలో పని అని ఇంట్లో చెప్పాను. నా భార్యకి నిజం తెలుసు. తెలిసినా పైకి అనేది కాదు. ఆవిడ పోయాక ఇక తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. డెబోరా మాత్రం మా నాన్న కాఫీ తోటలో పనిచేసేడని చెప్పుకుంటూ పెరిగింది.

కాఫీ కాదు. లోపల గెడ్డల పక్కన, కొండవాగుల ఒడ్డున, గంజాయి వేసేవాళ్ళు. అక్కడ నా పని పోతు మొక్కలు ఏరడం. తాటిచెట్టులో పోతూ పెంటీ, మగా ఆడా, ఉన్నట్టే ఈ మొక్కలోనూ ఉంటాయి. పెంటి మొక్కకే కంకి వస్తుంది. పోతు దుమ్ము, పుప్పొడి, తగిలితే కంకి గింజ పట్టేస్తుంది. గింజ పట్టిన గంజాయి ఎవరూ కొనరు. అందుకని పోతు పువ్వు విచ్చకముందే చూసి పీకెయ్యాలి. కణుపు దగ్గర పెంటికి తెల్ల నూలుపోగులు రెండు కనిపిస్తాయి. పోతుకి మిరియపు గింజంత బొడిపె కనిపిస్తుంది. ఆ తేడా ఒకటి రెండు రోజులు ముందు కనిపెట్టేవాడికి కూలి ఎక్కువ. నేను కనిపెట్టేవాణ్ణి.

ఈ ఊరి వాతావరణం ఆ కొండల్లాగే ఉంటుంది. పొద్దున్న మంచు, మధ్యాహ్నం తుంపర, బట్ట ఆరదు. పోరిక్ మొక్కల్ని ఎడంగా ఉంచాడు, కింది ఆకులు తుంచేశాడు. గాలి లోపలికి పోవాలని. మేమూ అలాగే చేసేవాళ్ళం. లేకపోతే ఈ తడికి కంకి లోపల్నుంచి కుళ్ళిపోతుంది. పోరిక్‌కి పని తెలుసు అనుకున్నాను. లైసెన్సు అంటే సారా కొట్టుకి ఇచ్చే లైసెన్సు లాంటిదేనని కూడా అనుకున్నాను. ఇక్కడ గంజాయికి ఇస్తున్నారు కాబోలు అనుకున్నాను. ఇంకో మాట అడిగి ఉంటే పోయేది. అడగలేదు.

జూన్ చివర్లో ఆయనకి తుంటి ఆపరేషన్. డెబోరాని పిలిచి నాకు చెప్పమన్నాడు. కోళ్ళకి మేత వెయ్యాలి, గోడ పడిపోయిన చోట పక్కవాళ్ళ ఆవులు చేలోకి రాకుండా చూడాలి. అంతే. నేను తలూపాను.

ఆయన వెళ్ళిన మర్నాడు పొద్దున్న చేలోకి వెళ్ళాను. పోతులు బొడిపెలు వేసేశాయి. ఒక్క సాలులోనే ముప్పై దాకా కనిపించాయి. వారం పది రోజుల్లో విచ్చుకుంటాయి. ఆయన వచ్చేసరికి తొమ్మిది రోజులు. పాపం, చేతికొచ్చిన పంట దుమ్ముకి పోతుందే అనుకున్నాను. గోడ మీద కాసేపు కూర్చున్నాను. కోళ్ళకి మేత వేశాను. మళ్ళీ వచ్చి మొదటి సాలు మొదలుపెట్టాను.

రోజుకి రెండు మూడు సాళ్ళు. వేళ్ళతో సహా లాగడం, మట్టి దులపడం, కట్ట కట్టడం. పీకినవి చేలో ఉంచకూడదు. పశువుల శాల వెనక గొయ్యి తీసి పూడ్చాను. కొండల్లోనూ అలాగే పూడ్చేవాళ్ళం. చివరి మూడు రోజులూ వాన వదల్లేదు. నడుం పట్టేసింది. గొయ్యి తియ్యలేక ఆ మూడు రోజులవీ మురుగు కాలవలో పడేసి గోనెలు కప్పాను. తొమ్మిదో రోజుకి చేలో ఒక్క పోతు లేదు. రెండుసార్లు తిరిగి చూశాను.

అబద్ధం చెప్పను, ఆ తొమ్మిది రోజులూ నాకు బాగుంది. రాత్రిళ్ళు నిద్ర పట్టింది.

పోరిక్‌ని టైటసే కారులో తీసుకొచ్చాడు. రెండు చంకకర్రలు. ఇంట్లోకి వెళ్ళకుండా ముందు గోడ దగ్గరికే వచ్చాడు. నేను పక్కన నిలబడ్డాను. ఆయన చాలాసేపు చూశాడు. ఒక మొక్క తల వంచి చూశాడు. ఇంకోటి చూశాడు. కర్రలు పొడుచుకుంటూ సాలు చివరిదాకా వెళ్ళి వచ్చాడు. ఏదో అడిగాడు. నేను చేత్తో పీకినట్టు చూపించాను. ఎన్ని అన్నట్టు చెయ్యి తిప్పాడు. అన్నీ అని చెయ్యి చాపి చేనంతా చూపించాను.

ఆయన గోడ మీద కూర్చున్నాడు. నన్ను తిట్టలేదు. కాసేపటికి లేచి ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

డ్యూటీ నుంచి వచ్చి డెబోరా ఆయన్ని పలకరించడానికి వెళ్ళింది. పావుగంటలో తిరిగొచ్చింది. కోటు విప్పలేదు.

"నాన్నా, ఏం చేశావ్?"

"పోతులు ఏరాను."

"ఎందుకు?"

"ఏరకపోతే కంకి గింజ పట్టేస్తాది."

"ఆయనకి కావలసింది గింజే నాన్నా."

డెబోరా కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. అది మత్తు గంజాయి కాదట. దానిలో మత్తు ఉండదట. గింజ కోసమే వేస్తారట. ఒక కాలేజీ వాళ్ళతో కలిసి, పర్మిషన్ తీసుకుని, పోరిక్ నాలుగేళ్ళుగా ఒక పని చేస్తున్నాడు. మొదటి ఏడాది ఈ సముద్రపు తడికి వందకి తొంభై కంకులు కుళ్ళిపోయాయి. కుళ్ళని వాటి గింజ దాచి రెండో ఏడాది వేశాడు. వాటిలో మళ్ళీ కుళ్ళని వాటివి దాచాడు. అలా నాలుగేళ్ళకి ఈ తడిని తట్టుకునే విత్తనం ఒక సంచిలోకి వచ్చింది. ఆ సంచి మొత్తం ఈ చేలో వేశాడు. ఇంట్లో ఒక్క గింజ మిగల్లేదు. చుట్టుపక్కల ఇంకెవరూ ఈ పంట వెయ్యరు. పోతు దుమ్ము ఇంకెక్కణ్ణుంచీ రాదు.

"ఈ ఏడు గింజ రాకపోతే నాలుగేళ్ళ పనీ అయిపోయినట్టే," అంది.

టైటస్ టీవీ కట్టేశాడు.

"పోతులు ఏరాలని నీకెవరు చెప్పారు?" అంది డెబోరా.

"ఎవరూ చెప్పలేదు. తెల్సు."

"ఎలా తెల్సు?"

"చింతపల్లిలో ఏరేవాణ్ణి."

"చింతపల్లిలో కాఫీ తోట కదా."

"కాఫీ తోట కాదు."

డెబోరా నా వైపు చూసింది. తరవాత బల్ల వైపు చూసింది. "నర్సింగ్ కాలేజీ ఫారంలో తండ్రి వృత్తి కాఫీ తోట అని రాశాను. ఇంటర్వ్యూలో కూడా చెప్పాను. కాఫీ గింజలెలా ఎండబెడతారో కూడా చెప్పాను."

"అదెవరు చెప్పారు నీకు?"

"నువ్వే చెప్పావు నాన్నా."

టైటస్ నవ్వబోయి మానేశాడు.

నేను కూర్చుని ఆలోచించాను. పూడ్చినవి పోయినట్టే. కాలవలో పడేసినవి గుర్తొచ్చాయి. వాటితోపాటు కొండల్లో రెండో ఏడాది సంగతి కూడా గుర్తొచ్చింది. అప్పుడొక రోజు పొద్దుపోయి, పీకిన పోతుల్ని పూడ్చకుండా గెడ్డ ఒడ్డున పడేసి వచ్చేశాను. చచ్చిపోతాయిలే అనుకున్నాను. తడిలో ఉన్న పోతు చావలేదు. వారం తరవాత అక్కడే పువ్వు విచ్చి దుమ్ము వదిలింది. కింది మడి మొత్తం గింజ పట్టింది. తోట ఆసామి నన్ను అందరి ముందూ చెంప మీద కొట్టాడు. అప్పట్నుంచి కొండల్లో పూడ్చకుండా ఒక్కటీ వదల్లేదు.

"అమ్మీ, నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళు. నే చెప్పింది చెప్పు."

"ఏమని చెప్పను? మా నాన్న గంజాయి తోటలో కూలి చేశాడని చెప్పనా? ఇల్లు ఆయనది నాన్నా. లీజు నవంబరు దాకానే."

"అలాగే చెప్పు. లేకపోతే కాలవలోవి బతుకుతాయంటే ఆయనెందుకు నమ్ముతాడు?"

డెబోరా కోటు గుండీలు మళ్ళీ పెట్టుకుంది.

తొమ్మిదైనా ఇంకా వెలుతురుంది. పోరిక్ వంటింట్లో కూర్చుని ఉన్నాడు. కాలు స్టూలు మీద పెట్టుకున్నాడు. మమ్మల్ని కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేను ఒక మాట చెప్పడం, డెబోరా ఇంగ్లీషులో చెప్పడం. చింతపల్లి, మూడు పంటలు, పోతులు, గెడ్డ ఒడ్డు, చెంపదెబ్బ. చెంపదెబ్బ దగ్గర డెబోరా ఆగింది. "ఇది కూడా చెప్పాలా?" అంది. చెప్పమన్నాను.

పోరిక్ అంతా విన్నాడు. ఒక మాట అడిగాడు.

"నువ్వు ఆ పని బాగా చేసేవాడివా అని అడుగుతున్నాడు," అంది డెబోరా.

"ఒక్క పోతు మిగిలేది కాదని చెప్పు."

చెప్పింది. ఆయన కిటికీలోంచి చేలోకి చూస్తూ ఏదో అన్నాడు.

"అది కనిపిస్తూనే ఉంది అంటున్నాడు."

తరవాత కర్రలు అందుకుని లేచాడు.

కాలవ దగ్గరికి వెళ్ళి గోనెలు తీశాం. మొదట పడేసినవి నల్లబడ్డాయి. ఆఖరి రెండు రోజులవి చాలావరకు పచ్చగా ఉన్నాయి. ఈ తడీ చలీ వాటిని వాడనివ్వలేదు. పోరిక్ ఒక బొడిపెని గోటితో చీల్చి చూశాడు. లోపల పచ్చగా, గట్టిగా ఉంది. నాకు చూపించాడు. నేను తలూపాను.

ఆవులకి దాణా పెట్టే ప్లాస్టిక్ తొట్లు ఆయన దగ్గర చాలా ఉన్నాయి. పదిహేడు తొట్లలో నీళ్ళు పోశాం. ఒక్కో కాడని అడుగున నీళ్ళలోనే కోసి, కింది ఆకులు తీసి నిలబెట్టాం. దూడల కొట్టంలో వరసగా పెట్టాం. వాన తగిలితే దుమ్ము పనికిరాదు. అందుకని కప్పు కింద ఉండాలి. రోజూ పొద్దున్న నీళ్ళు మార్చేవాణ్ణి. పోరిక్ కర్రల మీద వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు. టీ తెచ్చేవాడు కాదు. అడిగేవాణ్ణీ కాదు.

ఇటు పెంటి మొక్కలు ఎదురు చూస్తున్నాయి. తెల్ల పోగులు రోజు రోజుకీ పొడుగవుతున్నాయి. గింజ పట్టని కంకి లావెక్కుతుంది. లావెక్కిన కంకి నీళ్ళు పట్టుకుంటుంది. నీళ్ళు పట్టుకున్న కంకి ఇక్కడ ఎన్నాళ్ళుంటుందో ఆయనకి నాకంటే బాగా తెలుసు.

ఆరో రోజు తొట్ల అంచు మీద పసుపు రంగు పొడి కనిపించింది. వేలితో తీసి పోరిక్‌కి చూపించాను. ఆ రోజూ మర్నాడూ వాన. పొడి రాలి నీళ్ళలో పడుతోంది. ఆ మర్నాడు కూడా వానే. బయటికి తీస్తే తడిసి పోతుంది, లోపల ఉంచితే రాలి పోతుంది. పాత దుప్పట్లు తెచ్చి తొట్ల మధ్య పరిచాను. రాలింది వాటి మీద పడుతుందని.

తొమ్మిదో రోజు పొద్దున్న తెరిపిచ్చింది. సముద్రం వైపు నుంచి వాన లేని గాలి మొదలైంది. డెబోరాకి ఆ రోజు సెలవు. టైటస్ ఫోన్ చేసి డ్యూటీ మధ్యాహ్నానికి మార్చుకున్నాడు. ముగ్గురం తొట్లు మోసి, గాలి వచ్చే వైపు, చేను పడమటి అంచున వరసగా పెట్టాం. పోరిక్‌కి కుర్చీ వేశాం. ఆయన తడిపిన వేలు ఎత్తి గాలి చూసి, ఎటు జరపాలో కర్రతో చూపించేవాడు.

నేను ఇంట్లోకెళ్ళి డెబోరా ఊరినుంచి తెచ్చుకున్న చేట పట్టుకొచ్చాను. ఒక చేత్తో కాడ తట్టడం, ఇంకో చేత్తో విసరడం. ధాన్యం తూర్పారబట్టినట్టే. పసుపు పొగలా లేచి సాళ్ళ మీదకి పోయింది. దుప్పట్లు కూడా తెచ్చి గాలివాటుగా పట్టి దులిపాం.

"మావయ్యా," అన్నాడు టైటస్ తుమ్ముతూ. "మగపెళ్ళివారిని తరిమేసినోడివీ నువ్వే, మళ్ళీ పల్లకీలో తెస్తున్నోడివీ నువ్వే."

"తొట్టి వంచకు. నీళ్ళొలుకుతాయి."

డెబోరా ఆ పల్లకీ మాట పోరిక్‌కి చెప్పింది. ఆయన నవ్వలేదు గాని ముక్కుతో ఒక చప్పుడు చేశాడు.

మధ్యాహ్నం దాకా గాలి నిలబడింది. పడమటి సాళ్ళకి బాగా తగిలింది. మధ్యకి కొంత పోయి ఉంటుంది. తూర్పు చివరికి చేట పట్టుకుని సాళ్ళ మధ్య నడుస్తూ విసిరాను గాని, అప్పటికి పొడి అయిపోయింది. మూడింటికి మళ్ళీ తుంపర. ఖాళీ తొట్లు లోపల పెట్టేశాం.

ఆ తరవాత చెయ్యడానికి ఏమీ లేదు. రోజూ వెళ్ళి చూసేవాణ్ణి. వారానికి పడమటి సాళ్ళలో తెల్ల పోగులు గోధుమ రంగుకి తిరిగి ముడుచుకున్నాయి. అంటే దుమ్ము తగిలిందన్న మాట. తగిలినంత మాత్రాన గింజ నిలుస్తుందని లేదు. తూర్పు వైపు పోగులు తెల్లగానే ఉన్నాయి. ఆగస్టులో ఆ కంకులు లావెక్కాయి. పది రోజులు మంచు వదల్లేదు. తెరిచి చూస్తే లోపల బూడిద రంగు బూజు. పోరిక్ కత్తి తెచ్చాడు. అప్పటికి ఒక్క కర్రతో నడుస్తున్నాడు. తూర్పున తొమ్మిది సాళ్ళు కోసి తగలబెట్టాం. నేను కోసి ఇస్తే ఆయన మంటలో వేశాడు. తడికి సరిగా మండలేదు. సాయంత్రం దాకా పొగ.

ఒక ఆదివారం డెబోరా నా మంచం పక్కన కూర్చుంది.

"అమ్మకి తెల్సా?" అంది.

"తెల్సు."

"ఎప్పుడూ చెప్పలేదు నాకు."

"నేనే వద్దన్నాను."

"కాఫీ గింజలు అలాగే ఎండబెడతారా, అది కూడా ఉత్తదేనా?"

"అది నిజమే. పక్క తోటలో చూశాను."

"పోనీలే," అని లేచి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆ సంగతి ఎత్తలేదు.

సెప్టెంబరు మొదటి వారంలో ఒక పొద్దున్న నేను కోళ్ళకి మేత వేస్తున్నాను. చేలో చప్పుడు వినిపించింది. గోడ దగ్గరికి వెళ్ళి చూస్తే పిట్టలు. చిన్నవి, ముక్కు చుట్టూ ఎర్రగా ఉంటుంది, రెక్కల మీద పసుపు చార. అరవై డెబ్బై ఉంటాయి. అన్నీ పడమటి సాళ్ళ మీదే వాలాయి. కంకి పట్టుకుని వేలాడుతూ పొడుస్తున్నాయి. మధ్య సాళ్ళలో అక్కడొకటి ఇక్కడొకటి. తూర్పున ఒక్కటి కూడా లేదు.

పోరిక్ తలుపు తీసుకుని వచ్చాడు. పైజమా మీదే ఉన్నాడు, చంకకర్ర లేదు. నా పక్కన నిలబడ్డాడు. ఆయనకి పిట్టలంటే పడదు. కిందటి ఏడాది వాటిని తిట్టుకుంటూ చేను చుట్టూ తిరిగేవాడని డెబోరా చెప్పింది. ఆ రోజు వాటిని తోలలేదు. ఇద్దరం అలాగే చూశాం. తరవాత ఆయన గోడ పడిపోయిన చోటు నుంచి లోపలికి వెళ్ళి, ఒక కంకి తుంచి అరచేతిలో నలిపి, ఊక ఊది నా ముందు పెట్టాడు. ఆరు గింజలున్నాయి. బూడిద రంగు, నున్నగా. ఒకటి పళ్ళ కింద పెట్టి కొరికాడు. టక్కుమంది. ఇంకోటి నాకిచ్చాడు. నేనూ కొరికాను. లోపల పప్పు నిండుగా ఉంది.

మిగిలిన నాలుగూ చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇంట్లోకి వెళ్ళి రెండు కప్పుల్లో టీ తెచ్చాడు. చంకలో ఒక బిస్కెట్ల డబ్బా మూత, దాని మీద కొట్టడానికి ఒక చిన్న కర్ర. టీ తాగడం అయ్యాక మూతా కర్రా నా చేతిలో పెట్టి, పిట్టల వైపు చూపించాడు.

ఆ రోజు నుంచి కోత దాకా పిట్టల్ని తోలాను. ఆ పని ఆయనే చెప్పాడు.